దళానికొక నొప్పి

నమోదు 611. సోమవారం.

మూడో గొట్టం దళం హవల్దారు గేదెల పైడమ్మ రాస్తున్నది. ఈ పుస్తకాన్ని కెప్టెన్ గారు వారానికోసారి చదువుతారు. పోయినసారి అంచున 'భాష మర్యాదగా ఉండాలి' అని రాసి సంతకం పెట్టారు. పొద్దున్నుంచి ఈ ఉప్పు పర్ర మీద, మొక్క మొలవని చవిటి నేల మీద నడిచి వచ్చాక నా దగ్గర మిగిలే భాష ఇదే. ఇంతకన్నా మంచిది కావాలంటే వచ్చి నడవమనండి.

పొద్దున టీ మొదట నేను తాగాను. గొప్ప కోసం కాదు. నాకు తప్ప దళంలో ఇరవై మందికీ వెన్నులో గింజ ఉంది. బియ్యపు గింజంత ఉంటుంది, నొప్పిని మెదడు దాకా పోనివ్వదు. సలసల కాగే టీ ఇచ్చినా గటగటా తాగేసి, మధ్యాహ్నానికి నోరంతా బొబ్బలతో జోకులు వేసుకుంటారు. అందుకని కెటిల్ ముందు నా దగ్గరికి వస్తుంది. నా నాలుక ఒప్పుకున్నాకే వాళ్ళ గ్లాసుల్లో పోస్తారు.

నడక ఎక్కడ ఆపాలో చెప్పేదీ నా ఒళ్ళే. దళంలో అందరికన్నా బరువైన మూట నాది. వాళ్ళ బూట్లలాంటి బూట్లే నావీ. నా కాళ్ళు ఇక చాలన్న చోట అందరూ ఆగాలి, అదే ఆ రోజుకి మజిలీ. సముద్రం వచ్చి పోయిన ఈ నేల మీద బండి చక్రం దిగబడుతుంది, ఎగిరే యంత్రాల్ని ఉప్పుగాలి తినేస్తుంది. కాబట్టి మంచినీళ్ళ గొట్టానికి కాపలా కాయాలన్నా, కారే చోట రేకు అతకాలన్నా మనిషి నడవాల్సిందే. గింజ వచ్చిన మొదటి ఏడాది ఒకటో దళాన్ని ఎవరూ ఆపలేదు, వాళ్ళూ ఆగలేదు. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళలో నేనున్నాను. అందరూ హుషారుగా పలకరించారు. బూట్లు విప్పాకే మాకు విషయం తెలిసింది. ఆ తర్వాతే 'దళానికొక నొప్పి ఉండాలి' అని నిబంధన పెట్టి, హవల్దార్లకు గింజ వేయడం మానేశారు.

ఇవాళ గొట్టం వెంట పదకొండో స్తంభం దాకా వెళ్ళాం. మామూలుగా ఎనిమిది దగ్గర నా మోకాలు మొర పెట్టుకుంటుంది. వారంగా ఆ గొడవ లేదు. వర్షాకాలంలో పడినప్పుడు తగిలిన దెబ్బ మానిందేమో. నాకు సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి.

నమోదు 613. బుధవారం.

సాయంత్రం పాదాల తనిఖీ. వరసగా కూర్చోబెట్టి ఒక్కో పాదాన్నీ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు, మడమలు, గోళ్ళు చూస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు సిగ్గుపడతారు. తల్లి కూడా ఇంతగా చూసి ఉండదు. ఒకడి బొటనవేలి గోరు ఊడి మేజోడులో దొరికింది. వాడికి చూపిస్తే 'ఎవులిదమ్మా ఇది' అన్నాడు. ఇలాంటివాళ్ళతో నా సంసారం.

గవరయ్య ఎడమ పాదం పైభాగం కాస్త వెచ్చగా, పొంగినట్టు ఉంది. గవరయ్య దళంలో అందరికన్నా పొడగరి, తాగునీళ్ళ తిత్తి మోస్తాడు.

"ఎప్పుట్నుంచిరా?" అన్నాను.

"నాకేటి తెలుస్తాదమ్మా? కాలు నాదే గానీ కబురు నీకు కదా ఎల్తాది," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా వైద్య సిపాయి కనకరత్నం నొక్కి చూసి, చర్మం బాగానే ఉంది, లోపల ఎముక సంగతి ఇక్కడ చెప్పలేనంది. నేను నా పాదం నొక్కుకుని చూశాను. అదే దూరం, వాడికన్నా బరువు. నాకేమీ లేదు, వాడికేం అవుతుందనుకున్నాను. తిత్తిని ఇంకొకడికి మార్చి, రాత్రికి కాలు ఎత్తున పెట్టుకు పడుకోమన్నాను.

కెప్టెన్ ప్రణీత్ గారు రేడియోలో అభినందించారు. వరసగా ఇన్ని రోజులు పదకొండు చేరిన దళం ఇంకొకటి లేదట. మోకాలు బాగుపడితే మనిషిని అభినందించడం నేనెక్కడా వినలేదు.

నమోదు 616. శనివారం.

రాయడానికి చేయి రావడం లేదు. కోపంతో.

పదో స్తంభం దాటాక గవరయ్య నడక మారింది. వెనక నుంచి చూస్తున్నాను, ఎడమ బూటు వంకరగా పడుతోంది. ఆగమని అరిచేలోపు వాడు ఇంకో రెండు అడుగులు వేసేశాడు. పాదం పక్కకు తిరిగిపోయి, వాడు కూలబడ్డాడు. బూటు కోసి తీశాం. ఎముక విరిగి బయటికి వచ్చింది. ముందు రోజుల్లోనే లోపల చీలి ఉంటుందని, దాని మీదే నడుస్తూ వచ్చాడని కనకరత్నం అంది. గవరయ్య మోచేతుల మీద లేచి ఆ కాలిని చూసి, "అమ్మా, ఇది మళ్ళీ లోపలికెల్తాదా?" అని అడిగాడు. కన్నీటి చుక్క లేదు. ఏడవడానికి వాడికి నొప్పి ఏదీ.

కాలికి కట్టు వేయడానికి రెండు గట్టి రేకులు కావాలంది కనకరత్నం. నా మూటలో నాలుగు అతుకు రేకులుంటాయి, దళంలో బరువంతా అదే. మూట విప్పాను. రెండే ఉన్నాయి. మిగతా రెండింటి చోట గుడ్డలో చుట్టిన స్పాంజి దిమ్మ ఉంది. దాన్ని నొక్కి చూశాను. తర్వాత నా బూటు విప్పి లోపల చేయి పెట్టాను. అడుగున వేలెడు మందం మెత్త.

"ఎవుల్రా?" అన్నాను.

 దాలినాయుడు ముందుకు వచ్చాడు. పొద్దున మూటలు సర్దే పని వాడిది. ఆరేళ్ళుగా నా పక్కన నడుస్తున్నవాడు, ఎద్దులా బలమైనవాడు.

"నానేనమ్మా. నీ మోకాలు సూళ్ళేకపోయినాం. లెగిసినపుడల్లా పళ్ళు బిగబట్టీసీదానివి. మాకు బరువు తెలీదు కదా, రెండు రేకులెక్కువైతే మాకేటి. తీసి తలో రోజూ పంచుకున్నాం. మెత్తలు కూడా నానే పెట్టినాను, పాడైన డ్రోను పెట్టిలోయి."

"మిగతావోళ్ళకి తెలుసా?"

తలలు వంచుకున్నారు. అందరికీ తెలుసు. ఇరవై మంది కలిసి నాకు సుఖం పెట్టారు. దొంగతనమైతే రెండు తిట్టి ఊరుకునేదాన్ని. ప్రేమతో చేశారు, దాంతో నా ఒళ్ళు ఇంకా మండిపోయింది.

"నా మోకాలు నాదనుకున్నార్రా మీరు? అది మీ అందరిదీ. ఎనిమిది దగ్గర అది ఏడిస్తే, గవరయ్య కాలు ఏడవలేక అదేడిసినట్టు. మీరు దాని నోరు మూసీసినారు. నాకు జాలి పడమని ఎవులడిగినారు మిమ్మల్ని?"

దాలినాయుడు ఏదో అనబోయాడు. అననివ్వలేదు. వాడి మూట విప్పించి నా రేకుల్లో ఒకటి తీసుకున్నాను, ఇంకోటి ఇంకొకడి దగ్గర దొరికింది. గవరయ్యని గుడారపు గుడ్డలో వేసుకుని వెనక్కి మోశాం. రెండు రేకులు గవరయ్య కాలికి పోయాయి, ఆ బరువుకి బదులు వాడి మూట నా మూట మీద వేసుకున్నాను, బూట్లలో మెత్త లేదు. ఆరో స్తంభం దగ్గరికి వచ్చేసరికి నాకు కళ్ళు తిరిగాయి. పదకొండు ఎంత అబద్ధమో అక్కడ తెలిసింది. నాకు కూడా బుద్ధి ఉండాలి. నలభై ఎనిమిదేళ్ళ మోకాలు దానంతట అది బాగుపడుతుందా. హాయిగా ఉంటే ఎవరూ ఎందుకని అడగరు, నేనూ అడగలేదు.

నమోదు 618. సోమవారం.

శిబిరం ఆసుపత్రిలో గవరయ్య కాలు మోకాలి కింద తీసేశారు. మత్తు కూడా ఇవ్వలేదు. గింజ ఉంది కదా, మందు దండగ ఎందుకన్నారు. నేను పక్కనే కూర్చున్నాను. వాడు తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు.

"కోసెత్తన్నారమ్మా," అన్నాడు మధ్యలో, ఎవరిదో పొలంలో వరి కోత గురించి చెబుతున్నట్టు. "పోనీలే, నొప్పి నేదు."

"నొప్పుంటే కాలుండును," అన్నాను. అనకుండా ఉండాల్సింది. వాడు నా చేయి పట్టుకుని నన్నే ఓదార్చాడు.

అక్కడి నుంచి నేరుగా కెప్టెన్ గారి గదికి వెళ్ళాను. ఆయనకూ గింజ ఉంది. కుర్చీలో కూర్చునేవాళ్ళకు నడుంనొప్పి రాకూడదని ఆఫీసర్లందరికీ వేశారు. ఆయన గోడ మీద పటం చూస్తున్నారు. పద్నాలుగో స్తంభం దగ్గర ఎర్ర గీత కొత్తగా గీసి ఉంది.

"రండి హవల్దార్ గారూ. నాలుగో దళాన్ని ఎత్తేస్తున్నారు. వాళ్ళ భాగం కూడా ఇక మనదే. మీ మజిలీ పద్నాలుగు."

"మా పదకొండు అబద్ధం సార్. నా మూట తేలిక చేశారు, నాకు తెలియదు. నిజం ఎనిమిదే."

"నడిచారా, లేదా?"

"నడిచాం. గవరయ్య కాలు పోయింది."

"బాధగానే ఉంది. కానీ ఒక్కడు. మిగతా పందొమ్మిది మందికీ ఏమీ కాలేదు."

"ఏమీ కాలేదని వాళ్ళకు తెలియదు సార్. మీకు ఎలా తెలుసు? నాకు తెలియాలి, అందుకే కదా నాకు జీతం."

ఆయన పటం వైపు తిరిగారు. "మీ మోకాలు ఒకటి అరిగిందని ఊళ్ళు నీళ్ళు లేకుండా ఉండాలా? ఆలోచించండి. మీ వయసు మీకు తెలుసు."

ఊళ్ళకు నీళ్ళు కావాలి, కాదన్నదెవరు. నాలుగో దళాన్ని ఎత్తేయమన్నది ఊళ్ళా? ఒక దళం జీతాలు మిగిలితే పై ఆఫీసులో ఎవరో ఆయన వీపు తడతారు. ఇది ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను.

నమోదు 619. మంగళవారం.

నిబంధనలో ఇంకో ముక్క ఉంది. హవల్దారు పడిపోతే నొప్పి తెలిసినవాడు ఇంకొకడు ఉండాలి, ఉప నొప్పి అంటారు. మా దళంలో ఆ చోటు ఏళ్ళుగా ఖాళీ. ఎవరూ రారు, నేను బలవంతం చేయలేదు. ఇవాళ చేశాను. దాలినాయుడిని పిలిచి గింజ నిద్రపుచ్చమని కనకరత్నానికి చెప్పాను. అది వెన్ను మీద అయస్కాంతం పెట్టి చేసే పని, టీ కాచినంత సేపు పడుతుంది. శిక్షా అని అడిగాడు వాడు. అవునన్నాను. నిజానికి శిక్షో, వాడి మీద నమ్మకమో నాకే తెలియదు. కోపంలో రెండూ ఒకేలా ఉంటాయి.

వాడు లేచి నిలబడి, ఒక్క అడుగు వేసి, అలాగే కూర్చుండిపోయాడు. ఆరేళ్ళుగా ఒంట్లో పేరుకున్నదంతా ఒక్కసారి మీద పడింది. పుచ్చిన దవడ పన్ను, ఎప్పుడో తప్పి సరిగ్గా కూర్చోని భుజం, అరికాళ్ళలో ఆనెలు. ఇవన్నీ తన దగ్గర ఉన్నట్టే వాడికి తెలియదు.

"అమ్మా, ఇది రోజూ ఇలాగే ఉంటాదా?" అని అడిగాడు.

"కొన్నాళ్ళకి ఏది ముక్యమో ఏది కాదో తెలుస్తాది. అప్పుటిదాకా అన్నీ అరుస్తాయి."

"నువ్వు ఇన్నేళ్ళు ఇలగే నడిసినావా?"

నేను వాడి బూట్లు తెచ్చి పక్కన పెట్టాను. వాడు దవడ పట్టుకుని గోడకి తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే చూసి బయటికి వచ్చేశాను.

నమోదు 620. బుధవారం.

కెప్టెన్ గారు వరస ముందుకు వచ్చి, పద్నాలుగు దాకా నడుస్తారా అని నన్నే అడిగారు. నా కాళ్ళు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆపుతానన్నాను. అందరూ వింటుండగానే అన్నాను. ఆయన చేతిలో కాగితం చూసి, "మీకు ఉప నొప్పి ఉన్నట్టుంది," అన్నారు.

"ఉన్నాడు సార్. దాలినాయుడు. కానీ వాడు నిన్ననే..."

"మీ సలహా అడగలేదు."

సరే, మూసుకున్నాను. ఆయన దాలినాయుడిని పైనుంచి కింద దాకా చూశారు. వెడల్పాటి ఛాతీ, స్తంభాల్లాంటి తొడలు, ముప్పై ఏళ్ళు. రేపటి నుంచి వాడే హవల్దారని, నేను మామూలు సిపాయినని, వారంలో నాకు గింజ వేస్తారని ప్రకటించారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం అయిపోవడానికి అంత సేపే పట్టింది. తర్వాత వాడిని పక్కకు తీసుకెళ్ళి భుజం మీద చేయి వేసి మాట్లాడారు. వాడు కాస్త ముడుచుకున్నాడు. ఆ భుజమే తప్పిన భుజం, ఆయనకు తెలియదు.

ఏమన్నారని వచ్చాక అడిగాను.

"మెత్తటి బూట్లిత్తారట. మూట ఎంతుండాలో నన్నే సూసుకోమన్నారు. నీకు నాను సేసిందే ఇపుడు నాకు నానే సేసుకోమన్నారు."

"నువ్వేటన్నావు?"

"ఏటీ అన్నేదు. పన్ను సలుపుతుంటే మాటేటొస్తాది." దవడ నొక్కుకుంటూ, "అమ్మా, నా మీద కోపం పోయిందా?" అన్నాడు.

"పోలేదు," అన్నాను. పోలేదు కూడా. గవరయ్య మంచం పక్కన ఒంటి బూటు ఉన్నంత కాలం పోదు.

నమోదు 621. గురువారం.

ఈ నమోదు హవల్దారు దాలినాయుడిది. వాడి చేయి దవడ వదలడం లేదని, వాడు చెప్పమంటే నేను రాస్తున్నాను. పనిలో పనిగా నాకు తోచింది కూడా రాస్తున్నాను.

పద్నాలుగు చేరడం కళ్ళారా చూడాలని కెప్టెన్ గారు మాతో బయలుదేరారు. పర్ర మీదికి ఆయన రావడం నేను చూడటం ఇదే మొదటిసారి. తళతళలాడే కొత్త బూట్లు వేసుకుని అందరికన్నా ముందు నిలబడ్డారు. దాలినాయుడు మామూలు బూట్లే వేసుకున్నాడు. మెత్తటి జత పెట్టెలోనే ఉంది. బయలుదేరే ముందు వాడు నన్ను పిలిచి మూట విప్పి చూపించాడు. నాలుగు రేకులూ ఉన్నాయి.

"నానే సర్దుకున్నాను. ఎత్తి సూడు," అన్నాడు. ఎత్తి చూశాను. సరిగ్గా ఉంది.

మొదటి స్తంభం దాకా వాడు సరిగ్గానే నడిచాడు. రెండో స్తంభం దాటాక వాడి ఊపిరి వెనక ఉన్న నాకు వినిపించింది. ముఖమంతా చెమట. మూడో స్తంభం నీడలోకి వచ్చాక వాడు చేయి పైకెత్తాడు. దళం ఆగింది. వాడు మూటతో సహా నేల మీద కూర్చుని ఏడ్చాడు. సిగ్గు లేకుండా, ముఖం దాచుకోకుండా ఏడ్చాడు. పద్దెనిమిది మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పెద్ద మగాడు నొప్పికి ఏడవడం వాళ్ళలో చాలామంది మరిచిపోయారు.

కెప్టెన్ గారు వెనక్కి వచ్చారు. "ఏమిటిది? ఇది మూడో స్తంభం. లేవండి."

"లెగలేను సార్. నొప్పెడతంది."

"ఎంత నొప్పి? ఇంత దూరానికే అంత నొప్పి ఎలా ఉంటుంది?"

దాలినాయుడు చేత్తో ముక్కు తుడుచుకుని ఆయన ముఖంలోకి చూశాడు. "మీరు మర్సిపోనారు సార్. నానూ మొన్నటిదాకా మర్సిపోనాను."

"నటిస్తున్నాడు," అన్నారు కెప్టెన్ గారు నా వైపు తిరిగి.

"మీరు నియమించిన మనిషి సార్," అన్నాను. "నిన్ననే చెప్పబోయాను."

ఆయన దళాన్ని నడవమన్నారు. ఎవరూ కదలలేదు. ఎదిరించి కాదు. హవల్దారు కూర్చున్న చోట దళం కూర్చోవాలి, వాళ్ళకు చిన్నప్పటి అలవాటులా ఒంటికి పట్టిన పని అది. ఒకరి తర్వాత ఒకరు మూటలు దించి, నేను చెప్పకుండానే బూట్లు విప్పడం మొదలుపెట్టారు. మజిలీ అంటే పాదాల తనిఖీ. నేను సిపాయినే కాబట్టి కనకరత్నానికి సాయంగా ఆ చివరి నుంచి చూసుకుంటూ వచ్చాను. అందరి పాదాలూ బాగానే ఉన్నాయి. చివరికి కెప్టెన్ గారి ముందు మోకాలి మీద కూర్చున్నాను. ఆ మోకాలే నొప్పి పెట్టింది.

"నడిచినవాళ్ళందరివీ చూడాలి సార్. నిబంధన."

"నాకు ఏమీ లేదు," అన్నారు.

"మీకు తెలియదు."

ఆయన కోపంగానే కాలు చాచారు. బూటు అంత తేలిగ్గా రాలేదు. లాగితే మేజోడు దానికి అంటుకుని వచ్చింది. మడమ మీద చర్మం మొత్తం ఊడిపోయింది, బూటు లోపల నెత్తురు మడుగు కట్టింది. రెండో కాలూ అంతే. కొత్త బూట్లు, నడక అలవాటు లేని కాళ్ళు. పద్నాలుగు దాకా పోయి ఉంటే ఎముక కనబడేది. ఆయన వంగి ఆ పాదాల్ని చూశారు, ఎవరివో అన్నట్టు. 

"ఇది ఎప్పుడు జరిగింది?" అని అడిగారు. 

నాకు జాలి కలగలేదు. కలగాలేమో. గవరయ్య కూడా ఇలాగే అడిగాడు, వాడికి పటం మీద గీత గీయడం తెలియదు, అంతే తేడా. మడమలు కడిగి గుడ్డ చుట్టి బిగించాను. కావాల్సిన దానికన్నా గట్టిగానే బిగించాను.

"ఇప్పుడు ఏం చేయాలి?" అన్నారు ఆయన.

"నన్ను అడక్కండి సార్. నేను సిపాయిని. నొప్పి ఉన్నవాణ్ణి అడగండి."

అందరూ దాలినాయుడి వైపు చూశారు. వాడు దవడ చేత్తో పట్టుకునే ఉన్నాడు. కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఇక్కడే పడుకుందాం," అన్నాడు. "రేపు నా కాలు ఒప్పుకుంటే నాలుగు దాకా ఎల్దాం. ఒప్పుకోకపోతే నేదు."

ఇవాళ్టి మజిలీ మూడో స్తంభం. అలా రాయమని హవల్దారు గారు చెప్పారు, రాశాను.